మగ్గం మారింది, రాట్నం మారలేదు

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది పొందూరు. శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. రెండు వేసవులు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో పాత జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు తీసేసి ఆర్‌టీఎక్స్ 4060 వేశాను. వాలరెంట్ అనే షూటింగ్ ఆటలో పాత కార్డుతో సెకనుకు 170 ఫ్రేముల (తెర మీద బొమ్మల) దాకా వచ్చేవి. కొత్త కార్డుతోనూ అంతే. అందరూ ఒకచోట చేరి పొగలు కమ్ముకుంటే 110కి పడిపోతోంది. ప్రాక్టీస్ రేంజ్‌లో మాత్రం 260 చూపిస్తోంది. చీపురుపల్లిలో మా పెద్దమ్మ కొడుకు దగ్గర ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, నాకంటే చిన్నదైన జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నాయి. అతనికి మ్యాచ్‌లో 200 కంటే తగ్గవు. కనిపించినప్పుడల్లా వెటకారం చేస్తున్నాడు. కార్డు కొన్న దుకాణంలో అడిగితే, అది వెనక్కిచ్చి పైన డబ్బు వేసి 4070 తీసుకోమన్నారు. తీసుకోనా? పాత కార్డును ఏం చేయను?

తమ్ముడూ,

ముందు ఆ 4070 ఆలోచన మానుకో. దాని కోసం దుకాణానికి వెళ్తే బస్సు చార్జీ కూడా దండగే. నీ 4060లో ఏ లోపమూ లేదు. దానికి చేతినిండా పని దొరకడం లేదు, అంతే. మీ అన్న వెటకారాన్ని కాస్త ఓర్చుకో. అతని కంప్యూటర్ నీ ప్రశ్నకు సగం జవాబు ముందే చెప్పేసింది.

పొందూరు వాడివి కాబట్టి మీ ఊరి పనితోనే చెబుతాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం దగ్గర నుంచి మగ్గం మీద పంచె దిగేదాకా చూస్తూ పెరిగి ఉంటావు. మగ్గం ముందు ఎంత చేయి తిరిగిన మనిషి కూర్చున్నా, రాట్నం దగ్గర నుంచి నూలు రాకపోతే నాడె ఆగాల్సిందే. కంప్యూటర్‌లో ప్రాసెసర్ రాట్నం, గ్రాఫిక్స్ కార్డు మగ్గం. పదిమంది ఆటగాళ్లు ఈ క్షణాన ఎక్కడున్నారు, ఎవరి తూటా ఎవరికి తగిలింది, అడుగుల చప్పుడు ఏ చెవికి వినిపించాలి, సర్వర్ నుంచి ఏ కబురు వచ్చింది, ఈ ఫ్రేములో ఏయే వస్తువులు గీయాలి అనే లెక్కలన్నీ ప్రాసెసర్ తేల్చాలి. తేల్చి, గీయాల్సిన వాటి జాబితాను కార్డు చేతికివ్వాలి. అది అందాకే కార్డు రంగులు వేయడం మొదలుపెడుతుంది. నువ్వు మంచి మగ్గం కొన్నావు. రాట్నం మాత్రం 2018 నాటిదే. బట్ట మునుపటి వేగంతోనే దిగుతోంది.

పోటీ ఆటల్లో ఈ తేడా మరీ ఎక్కువగా బయటపడుతుంది. కథ నడిచే పెద్ద ఆటల్లో నీడలు, నీటి మెరుపులు, గడ్డిపోచలు అన్నీ పూర్తి స్థాయిలో పెట్టుకుంటాం. అక్కడ కార్డుకు చెమటలు పడతాయి, ప్రాసెసర్ తీరిగ్గా ఉంటుంది. వాలరెంట్ ఆడేవాళ్లు ఏం చేస్తారు? శత్రువు తల కనిపిస్తే చాలని అలంకారాలన్నీ తగ్గించేస్తారు. అలా తగ్గించిన ప్రతిసారీ తగ్గేది ఎక్కువగా కార్డు పనే. పదిమంది లెక్క పదిమంది లెక్కే. నీడలు తీసేశావని ఆటగాళ్లు తొమ్మిదిమంది కారు కదా. ఇక ఈ ఆటను మొదటి నుంచీ సాదా కంప్యూటర్లలో కూడా నడిచేలా తయారు చేశారు కాబట్టి, మీ అన్న దగ్గరున్న 1650కి కూడా అది పెద్ద బరువు కాదు. ప్రాక్టీస్ రేంజ్‌లో 260 ఎందుకు వస్తోందో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. అక్కడ నువ్వు ఒక్కడివే, ఎదురుగా కదిలే బొమ్మలు నాలుగు. ఆ అంకెను నమ్మకు. ఎప్పుడు కొలిచినా మ్యాచ్‌లోనే కొలవాలి.

నీ ఉత్తరంలో నాకు నచ్చిన చిక్కు ఇంకొకటి ఉంది. నీ 2600లో ఆరు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు). మీ అన్న 12400ఎఫ్‌లోనూ అవే ఆరు, అవే పన్నెండు. మరి తేడా ఎక్కడ? కోర్లు లెక్కపెట్టి ప్రాసెసర్ కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇలాంటి ఆటల్లో పనినంతా పన్నెండు చేతులకు సమానంగా పంచడం కుదరదు. ఒక ప్రధాన థ్రెడ్ మీద ఎక్కువ బరువు పడుతుంది. ఎందుకంటే ఒక లెక్క తేలితే గానీ తరువాతి లెక్క మొదలు కాదు. ఏకు తయారు కాకుండా నూలు వడకలేం కదా. కాబట్టి రాట్నాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఆ ఒక్క రాట్నం ఎంత చురుగ్గా తిరుగుతుందన్నదే చూడాలి. నీ 2600 ఒక కోర్ మీద గరిష్ఠంగా 3.9 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల చుట్లు) వరకు వెళ్తుంది, 12400ఎఫ్ 4.4 వరకు. పైగా కొత్త తరం ప్రాసెసర్ ఒక్కో చుట్టుకు ఎక్కువ పని చేస్తుంది.

రెండో సంగతి క్యాష్. వడికే మనిషి పక్కన ఏకుల బుట్ట ఉంటే చేయి చాపి అందుకుంటుంది. బుట్ట ఖాళీ అయితే లేచి కొట్టుగదికి వెళ్లాలి. ప్రాసెసర్‌లోని ఎల్3 క్యాష్ ఆ బుట్ట, ర్యామ్ కొట్టుగది. బుట్టలోంచి తీయడానికి పది నానోసెకన్ల చుట్టుపక్కల పడితే, కొట్టుగదికి వెళ్లి రావడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. నీ 2600లో ఎల్3 మొత్తం 16 ఎంబీ. అది కూడా రెండు బుట్టలుగా చీలి ఉంటుంది, మూడు కోర్లకు ఒక 8 ఎంబీ చొప్పున. కావలసింది అవతలి బుట్టలో ఉంటే దానికోసం వేరే దారిన తిరిగి రావాలి. మీ అన్న ప్రాసెసర్‌లో 18 ఎంబీ, అందరికీ కలిపి ఒకే బుట్ట. వందల చిన్న చిన్న లెక్కలు మళ్లీ మళ్లీ తిరగేసే షూటర్ ఆటలకు ఈ బుట్ట ఎంత పెద్దదైతే అంత మేలు. రైజెన్ తయారు చేసే ఏఎండీ 2022లో 96 ఎంబీ ఎల్3తో 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను తెచ్చినప్పుడు ఆటగాళ్లు ఎగబడి కొన్నది ఇందుకే.

ఇదంతా నేను చెప్పానని నమ్మేయకు. నీ బల్ల దగ్గరే పది నిమిషాల్లో తేలుతుంది. నీ కార్డు తాలూకు ఎన్‌విడియా యాప్ తెరిచి ఉంటే, ఆటలో ఆల్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కు. ఫ్రేముల లెక్క, జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) వాడకం శాతం ఒక మూల కనిపిస్తాయి. డెత్‌మ్యాచ్ ఒకటి ఆడు. జీపీయూ 95 శాతం పైన నిలబడితే అడ్డు కార్డే. నీ విషయంలో నలభై, యాభై దగ్గర తచ్చాడుతుందని నా అంచనా. తరువాత రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించి మళ్లీ ఆడు. గీయాల్సిన చుక్కలు ఇరవై లక్షల పైచిలుకు నుంచి తొమ్మిది లక్షల పైచిలుకుకు పడిపోతాయి, అంటే సగానికంటే తక్కువ. అయినా 170 అలాగే ఉంటే మగ్గం నూలు కోసం కాచుకుని కూర్చుందన్నమాట.

ఈ పరీక్షలో ఒక్క జాగ్రత్త. టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్ వాడకం నలభై శాతమే ఉంది కాబట్టి దానికి బరువేమీ లేదని అనుకోకు. అది పన్నెండు థ్రెడ్ల సగటు. ఒక థ్రెడ్ ఊపిరాడకుండా నూటికి నూరూ పనిచేస్తున్నా ఆ సగటులో దాని వాటా ఎనిమిది శాతం చిల్లర మాత్రమే. తరగతిలో పన్నెండుమందికి సగటు నలభై మార్కులు వచ్చాయంటే, నూరు తెచ్చుకున్నవాడు లేడని కాదు. అలాగే రెండు భాగాల పేర్లు ఇస్తే ఇంత శాతం అడ్డు అని చెప్పే లెక్కల పట్టికల వెంట కూడా పడకు. ఇదే 2600, ఇదే 4060 జోడీ ఇంతకంటే ఎక్కువ చుక్కలుండే 1440పీ మానిటర్ మీద, ఓ భారీ కథా ఆటలో నడిస్తే అడ్డు కార్డు వైపు తిరుగుతుంది. ఆట పేరూ రిజల్యూషనూ అడగకుండా చెప్పే శాతానికి అర్థం లేదు.

ఇక ఏం చేయాలి? ఖర్చు లేనిది మొదట. ఒకటే స్టిక్ అన్నావు. అది 3200 వేగం స్టిక్ అయినా, బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ తెరవకపోతే చాలా సందర్భాల్లో 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే వేగం తెలుస్తుంది. రైజెన్‌లో ప్రాసెసర్ లోపలి దారుల వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క మార్పుకే ఫలితం కనిపిస్తుంది. నీ 2600కి కంపెనీ హామీ ఇచ్చిన వేగం 2933. 3200 దగ్గర కంప్యూటర్ మొరాయిస్తే 2933కి దించు. ఆ తరువాత వీలైతే అలాంటిదే రెండో స్టిక్ కొని డ్యూయల్ చానల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి అందించే పద్ధతి) చేసుకో. నాలుగు గాడులున్న బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఒక స్టిక్‌తో ఆడుతున్నావంటే కొట్టుగదికి ఒకే తలుపు పెట్టుకున్నట్టు. 110కి పడిపోయే ఆ క్షణాల్లో ఎక్కువగా ఉపయోగపడేది ఈ రెండో స్టిక్కే.

అడగలేదు గానీ చెబుతున్నాను, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందనే అంకె) 144 మీదే ఉందో లేదో చూడు. కార్డు మార్చాక అది 60కి పడిపోయి ఉండటం నేను చాలా ఇళ్లల్లో చూశాను. నెలల తరబడి అలాగే ఆడుతుంటారు పాపం.

తరువాత అసలు మందు. నీ బీ450 బోర్డు పాతదే అయినా అదృష్టం గలది. అదే సాకెట్‌లో రైజెన్ 5 5600 కూర్చుంటుంది. అదీ ఆరు కోర్లదే, 65 వాట్లదే, కానీ ఆరింటికీ కలిపి 32 ఎంబీ ఎల్3 ఒకే బుట్టగా ఉంటుంది, వేగం 4.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. నీ తరానికీ దానికీ మధ్య ఏఎండీ రెండుసార్లు మెట్టు ఎక్కింది. ఒక్కో చుట్టుకు జరిగే పని మొదట 15 శాతం, తరువాత 19 శాతం పెరిగిందని కంపెనీ లెక్క. గడియారపు వేగం కూడా కలిపి గుణిస్తే సుమారు ఒకటిన్నర రెట్లు. నీ 170 అప్పుడు 250 దరిదాపులకు రావాలి. బుట్ట పెరిగిన లాభం ఈ గుణకారంలోకి పూర్తిగా రాదు కాబట్టి తగాదాల మధ్యలో ఇంకాస్త ఎక్కువే ఆశించవచ్చు. డబ్బు ఉండి, మంచి కూలర్ విడిగా కొనుక్కోగలిగితే, దొరికితే, పెద్ద బుట్ట ఉన్న 5700ఎక్స్3డీ ఇంకా మేలు. దాని డబ్బాలో కూలర్ రాదు. కానీ డిగ్రీ ఆఖరి సంవత్సరం కుర్రాడికి నేను 5600తోనే ఆగమంటాను.

నేను సగటు కంటే ఆ 110 గురించే ఎక్కువ బాధపడుతున్నాను. 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.9 మిల్లీసెకన్లకు ఒక కొత్త బొమ్మ అడుగుతుంది. 170 ఫ్రేములంటే ఒక్కోదానికి 5.9 మిల్లీసెకన్లు, అడిగినదానికంటే ముందే చేతికందుతుంది. 110 అంటే 9.1. మానిటర్ చేయి చాపేసరికి బొమ్మ సిద్ధంగా లేదు, పాతదే మళ్లీ చూపిస్తుంది. సరిగ్గా నువ్వు గురి సవరిస్తున్నప్పుడు. నీ చేయి అలవాటుపడిన లయ అక్కడ తప్పుతుంది. ఎప్పుడూ 150 ఇచ్చే కంప్యూటర్ మీద గురి కుదిరినంత బాగా, 260కీ 110కీ మధ్య ఊగిసలాడేదాని మీద కుదరదు. అందుకే ఎక్కడ ఫ్రేముల అంకెలు చదివినా, సగటు పక్కన '1 శాతం కనిష్ఠం' (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకె ఉందేమో చూడు. నేను ముందు చదివేది అదే.

ప్రాసెసర్ మార్చే పని నువ్వే చేసుకోవచ్చు, కానీ వరస తప్పకూడదు. మొదట పాత 2600 ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. పాత బయోస్‌కు 5600 ఎవరో తెలియదు. ముందే అది పెట్టేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. నీ బోర్డు తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ల పట్టికలో 5600 పక్కన ఏ వెర్షన్ కావాలో రాసి ఉంటుంది. ఆ పని మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. మన వైపు గాలివాన వచ్చే సూచన ఉన్న రోజున ముట్టుకోకు. యూపీఎస్ ఉంటే సరే. ఇంటి ఇన్వర్టర్ అయితే దాని వెనక యూపీఎస్ మోడ్ మీట వేసి ఉందో లేదో చూసుకో. లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ ఆరిపోవచ్చు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకో, ప్రాసెసర్ మారగానే అడుగుతుంది. అప్‌డేట్ తరువాత బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఎక్స్‌ఎంపీతో పాటు సెక్యూర్ బూట్, టీపీఎమ్ అనే భద్రతా సెట్టింగులు కూడా మళ్లీ చూసుకో. విండోస్ 11లో ఆ రెండూ లేకపోతే మోసం చేసి ఆడేవాళ్లను పట్టే వాలరెంట్ కాపలాదారు వాన్‌గార్డ్ నిన్ను లోపలికి రానివ్వదు.

కూలర్ తీయడం దగ్గర నా కథ ఒకటి విను. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళంలో మా ఇంట్లోనే, నీ దానిలాంటి ఏఎం4 సాకెట్ బోర్డు మీదే, స్క్రూలు విప్పి కూలర్‌ను నిటారుగా లాగాను. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టు ఎండి జిగురులా గట్టిపడి ఉంది. సాకెట్ మీట బిగించి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కొని ఊడి వచ్చేసింది. దాని అడుగున 1331 కాళ్లుంటాయి. మూల మీద నాలుగు వంగిపోయాయి. కిటికీ దగ్గర కూర్చొని, పుల్ల తీసేసిన మెకానికల్ పెన్సిల్ మూతిని ఒక్కో కాలికి తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టేసరికి నాగావళి వంతెన మీద దీపాలు వెలిగాయి. అది బతికింది. నువ్వు ఆ సాహసం చేయకు. ముందు ఓ పావుగంట ఆట ఆడి పేస్టును వేడెక్కనివ్వు. ఆపేసి, ప్లగ్గు తీసి, స్క్రూలు మూలకు మూల చొప్పున వదులు చేసి, కూలర్‌ను పచ్చడి జాడీ మూతలా అటూ ఇటూ మెల్లగా తిప్పు. పట్టు వదిలాకే పైకెత్తు. 5600ను వాడినది కొంటుంటే, డబ్బు ఇచ్చే ముందు దాన్ని తిరగేసి, ఫోను లైటు ఏటవాలుగా పట్టి ఆ కాళ్ల వరసలు చూడు. వంకర ఉంటే వరస విరిగినట్టు వెంటనే కనిపిస్తుంది.

4060 డబ్బా మీద గొప్పగా రాసిన ఫ్రేమ్ జనరేషన్ సంగతి కూడా అడుగుతావేమో. అది రెండు అసలు ఫ్రేముల మధ్య ఊహించిన బొమ్మ ఒకటి ఇరికిస్తుంది. చూడటానికి నున్నగా ఉంటుంది, కానీ ఆ బొమ్మకు నీ మౌస్ కదలిక తెలియదు, పైపెచ్చు ఆలస్యం కొంచెం పెరుగుతుంది. పోటీ షూటర్‌కు అది పనికిరాదు. రిఫ్లెక్స్ అనే సెట్టింగు మాత్రం ఆన్ చేసే ఉంచు. కార్డు ముందు ఫ్రేములు వరస కట్టకుండా చూడటం దాని పని. ఇప్పుడు నీ కార్డు ఖాళీగా ఉంది కాబట్టి పెద్దగా తెలియదు, కార్డు మీద బరువు పడే ఆటల్లో తెలుస్తుంది.

అలాంటి ఆటలు ఉన్నాయి కూడా. 2023 సెప్టెంబరులో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ గది ఆకారాన్నిబట్టి నిండుతుంది, తూటా దూసుకుపోతే చీలుతుంది. అలాంటి పొగకు దగ్గరగా నిలబడితే ఏ కార్డయినా మూలుగుతుంది. అక్కడ నీ 4060కి మీ అన్న 1650 సరితూగదు. 5600 వేశాక ఆ ఆట తెరిచి, ఇద్దరూ ఒకే సెట్టింగ్స్‌తో ఒకే మ్యాప్‌లో ఆడి చూడండి. వెటకారం ఎటు తిరుగుతుందో అప్పుడు చూద్దాం.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. 170 నుంచి 250కి వెళ్తే ఒక్కో ఫ్రేముకు దక్కేది రెండు మిల్లీసెకన్లు. ముంబయి సర్వర్‌కు నీ పింగ్ (కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం) అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, అందులో ప్రాసెసర్‌కూ కార్డుకూ ప్రమేయం లేదు. రౌటర్ పక్క గదిలో ఉండి వైఫై మీద ఆడుతున్నావంటే, ఏ భాగమూ కొనకముందు ఒక లాన్ వైరు లాక్కో.

పాత 1660 సూపర్ సంగతి. దాన్ని అమ్మకు, చీపురుపల్లికి పంపు. మీ అన్న దగ్గర మంచి రాట్నం ఉంది, మగ్గమే చిన్నది. వాలరెంట్‌లో కంటే కౌంటర్ స్ట్రైక్ 2లో అతనికి తేడా బాగా తెలుస్తుంది. డబ్బు తీసుకుంటావో ఊరికే ఇస్తావో మీ ఇద్దరి లెక్క. అయితే 1650 కార్డుల్లో చాలావాటికి విడిగా కరెంటు వైరు అక్కర్లేదు, 75 వాట్లతో బోర్డు మీదే బతికేస్తాయి. 1660 సూపర్ 125 వాట్లు అడుగుతుంది, ఎనిమిది కాళ్ల వైరు కావాలి. అతని కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వైరు ఉందో లేదో, దాని వాట్లెన్నో డబ్బా పక్కన తీసి ఫొటో పంపమను. అది చూశాకే కార్డు కట్టి బస్సెక్కించు.